రంగుల మ్యాప్ వెనక ఉన్న చదువు

మాస్టర్ ప్లాన్ అనే మాట మన ఊళ్లలో ఎక్కువగా వినిపించేది భూముల బేరాల దగ్గర. "ఈ సర్వే నంబరు ఏ జోన్‌లో పడింది? పక్క నుంచి వంద అడుగుల రోడ్డు పోతుందంటున్నారు, నిజమేనా?" కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ కావాల్సింది ఆ రెండు జవాబులే. మ్యాప్‌లో పసుపు రంగు పడితే ఇళ్లు కట్టుకోవచ్చు, రేటు పెరుగుతుంది. ఆకుపచ్చ పడితే పెరగదు. ఒక్క రంగుతో కుటుంబాల తలరాతలు మారిపోతుంటే జనం రంగు గురించే అడగడంలో తప్పేమీ లేదు.

అయితే ఆ రంగుల మ్యాప్ ఒక పెద్ద పనిలో ఆఖరి కాగితం. పసుపు ఇక్కడే ఎందుకు పడింది, రోడ్డు అటే ఎందుకు తిరిగింది అన్నవి అంతకుముందు ఏడాదో రెండేళ్లో జరిగిన నిర్ణయాలు. ప్లానింగ్, అర్బన్ డిజైన్ కోర్సుల్లో నేర్పేది ఆ నిర్ణయాలు తీసుకోవడమే. ఇంటర్ అయ్యాక ఈ కోర్సుల వైపు చూస్తున్న పిల్లలు, బీఆర్క్ గానీ సివిల్ గానీ చేసి మాస్టర్స్ ఆలోచిస్తున్నవాళ్లు "అసలు లోపల ఏం చెబుతారు?" అని అడుగుతుంటారు. సిలబస్ చూస్తే ఆర్థికశాస్త్రం, భూగోళం, ట్రాఫిక్, చట్టం, డ్రాయింగ్, స్టాటిస్టిక్స్ అన్నీ కలిసి కనిపిస్తాయి. వాటిని ఒక్కచోటికి తెచ్చే దారం ఏమిటో సిలబస్ కాగితం చెప్పదు.

ముందు మూడు పనులను విడదీసి చూద్దాం. ఏ నేలను దేనికి వాడాలి, ఎంతమంది వస్తారు, వాళ్లకు నీళ్లు, రోడ్లు, బడులు ఎక్కడ, ఎన్నేళ్లలో అన్నది ప్లానర్ తేలుస్తాడు. అతని ముందున్న మ్యాప్‌లో ఊరంతా పడుతుంది. రెండు బిల్డింగుల మధ్య మిగిలిన జాగా ఎలా ఉండాలి, ఫుట్‌పాత్ మీద నడిచే మనిషికి నీడ ఉందా, గోడ కనిపిస్తుందా దుకాణం కనిపిస్తుందా అన్నది అర్బన్ డిజైనర్ పని. అతను ఒక వీధినో ఒక పేటనో చూస్తాడు. ప్లాటు గోడ లోపలిది ఆర్కిటెక్ట్‌ది. ఆచరణలో ముగ్గురి హద్దులూ కలిసిపోతాయి. మంచి కోర్సులో విద్యార్థి ఒకే సెమిస్టర్‌లో జిల్లా మ్యాప్ నుంచి వీధి అరుగు దాకా దిగి, మళ్లీ పైకి ఎక్కాలి.

ఇక సస్టైనబుల్, అంటే పది కాలాలు నిలిచే ప్లానింగ్ సంగతి. చాలామంది విద్యార్థులు దీన్ని చివర్లో కలిపే అధ్యాయం అనుకుంటారు. ప్లాన్ అంతా గీశాక నాలుగు సోలార్ ప్యానెళ్లు, ఒక సైకిల్ ట్రాక్, ఇంకుడు గుంతల వివరం పెట్టి షీటు ముగిస్తారు. జ్యూరీలో, అంటే పరీక్షకులు ఆ షీట్లు చూసి ప్రశ్నలడిగే చోట, దొరికిపోయేది అక్కడే. నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఒక ప్లాన్ పది కాలాలు నిలుస్తుందా లేదా అనేది నిర్ణయాల వరసలో ఉంటుంది. ముందు నీరు, తర్వాత నేల, ఆ తర్వాత దారులు, చివరికి కట్టడాలు. ఈ వరస తలకిందులైతే ఆపైన ఎన్ని ప్యానెళ్లు పెట్టినా ఆ తప్పు సరికాదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. స్కాట్లాండ్‌కు చెందిన ప్యాట్రిక్ గెడ్డెస్ జీవశాస్త్రం చదివినవాడు. 1914లో మన దేశానికి వచ్చి, ఆ తర్వాతి కొన్నేళ్లలో ఎన్నో పట్టణాలు తిరిగి నివేదికలు రాశాడు. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సోషియాలజీ, సివిక్స్ ఆచార్యుడయ్యాడు. అప్పటి ఇంజనీర్లు ఇరుకు పేటల్లో రోగాలు ప్రబలుతున్నాయని మధ్యలోంచి తిన్నగా వెడల్పాటి రోడ్డు కొట్టేవారు, అడ్డొచ్చిన ఇళ్లు కూల్చేవారు. గెడ్డెస్ ఆ పేటల్లో ఇంటింటి చుట్టూ తిరిగాడు. ఏ ఇల్లు శిథిలమైంది, ఏ బావి ఇంకా పనికొస్తుంది, ఎక్కడ ఒక పాడు గోడ తీస్తే చిన్న చౌకు ఏర్పడి గాలి ఆడుతుంది అని చూశాడు. తక్కువ ఇళ్లు తీసి, తక్కువ డబ్బుతో, ఎవరినీ ఊరవతలకు తోలకుండా అదే పని అవుతుందని లెక్కలతో చూపించాడు. సర్వే లేకుండా ప్లాన్ లేదు అన్న పాఠం మన ప్లానింగ్ స్కూళ్లకు ఆయన దగ్గర నుంచే వచ్చింది. మొదటి సెమిస్టర్‌లో పిల్లలను ఎండలో వీధులు తిప్పేది అందుకే.

కోర్సుకు గుండెకాయ స్టూడియో. వారానికి రెండు మూడు రోజులు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒకే సైటు మీద పని. మొదట బేస్ మ్యాప్, అంటే మిగతా పనంతటికీ ఆధారమయ్యే మ్యాప్. వినడానికి సులువు, చేయడానికి కాదు. ఉపగ్రహ చిత్రం ఒక మాట చెబుతుంది, రెవెన్యూ గ్రామ నక్షా ఇంకో మాట చెబుతుంది, మున్సిపాలిటీ దగ్గరున్న మ్యాప్ మూడోది చెబుతుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఈ మూడింటినీ ఒకదానిపై ఒకటి పరిచి, సర్వే రాళ్లో, గుడి మూలలో, చెరువు కట్ట వంపో ఆధారంగా పట్టుకుని కలపాలి. కలిపాక తేడాలు బయటపడతాయి. నక్షాలో నలభై అడుగుల వాగు, చిత్రంలో పది అడుగుల మురుగు కాలువ. నక్షాలో కుంట, చిత్రంలో కాలనీ. ఇలాంటి తేడా కనిపించగానే విద్యార్థి అక్కడికి వెళ్లి చూడాలి. గోడల మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో కొలవాలి, కిరాణా కొట్టు పెద్దాయనను "వానొస్తే నీళ్లు ఎటు నుంచి వస్తాయండీ?" అని అడగాలి. ఆ జవాబు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

దీనికి విజయవాడ కంటే మంచి పాఠం ఇప్పట్లో లేదు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, నగరం ఉత్తరపు అంచున పారి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద నుంచి దాటి, కొల్లేరులో కలుస్తుంది. బెజవాడ దుఃఖదాయిని అని దానికి ఎప్పటి నుంచో పేరు. ఆ బాధ తగ్గించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీటిని అదుపు చేసే గేట్ల కట్టడం) కట్టి, వరదను డైవర్షన్ ఛానల్ గుండా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించారు. మామూలు ఏడాదిలో ఇది పనిచేస్తుంది. నీళ్లు నగరంలోకి రావడం తగ్గేసరికి పాత పాయ పొడవునా ఇళ్లు వెలిశాయి. సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక వైపు నేల చవక, కూలిపనులకు దగ్గర. పేదవాళ్లు వేరే ఎక్కడికి వెళ్తారు?

2024 సెప్టెంబరు 1, 2 తేదీల్లో రెండు వరదలు కలిసి వచ్చాయి. బుడమేరు పొంగిన మరుసటి రోజే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ రికార్డు స్థాయికి చేరింది, 11.43 లక్షల క్యూసెక్కులు. నది నిండుగా ఉంటే డైవర్షన్ ఛానల్ నీళ్లు అందులోకి దిగలేవు, వెనక్కి తంతాయి. ఛానల్ కట్టలకు గండ్లు పడ్డాయి. నీరు పాత దారి వెతుక్కుంది. ఆ దారిలో ఇప్పుడు లక్షల మంది ఉన్నారు. సింగ్ నగర్ వీధులు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. పడవల మీద పాల ప్యాకెట్లు, తాగునీళ్లు అందించాల్సి వచ్చింది.

ప్లానింగ్ విద్యార్థి ఈ సంఘటనలో ఎవరిని తిట్టాలా అని చూడడు. నాలుగు ప్రశ్నలు వేసుకుంటాడు. రెండు వరదలూ కలిసి వచ్చే అవకాశాన్ని ఎవరైనా లెక్కవేశారా? పాత పాయ వెడల్పు ఎంత ఉండేది, ఇప్పుడెంత? పాయ పక్కన ఇళ్లకు అనుమతి, కరెంటు మీటరు, కుళాయి ఏ కాగితం మీద వచ్చాయి? అక్కడి కుటుంబాలను కదిలించాలంటే పని దొరికే చోటికి ఎంత దూరంలో జాగా ఇవ్వగలం? మొదటిది హైడ్రాలజీ (నీటి శాస్త్రం), రెండోది సర్వే, మూడోది చట్టం, నాలుగోది బతుకుతెరువు. ఏ ఒక్కదాన్ని వదిలేసినా జవాబు తప్పుతుంది. సిలబస్‌లో విడివిడిగా కనిపించే సబ్జెక్టులను కలిపే దారం ఇదే.

ఇంకో సంగతి గమనించండి. సింగ్ నగర్ సమస్యకు మూలం సింగ్ నగర్‌లో లేదు, వెలగలేరులోనూ మైలవరం కొండల్లోనూ కృష్ణ మట్టంలోనూ ఉంది. మున్సిపల్ హద్దు దగ్గర ఆగిపోయే ప్లాన్‌కు అది కనిపించదు. వందేళ్ల కిందటే హైదరాబాద్‌లో ఈ పాఠం నేర్చుకున్నాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని పొట్టనపెట్టుకుంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరంలో గోడలు కట్టమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. ఎగువన మూసీ మీద, ఈసీ మీద జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టాలన్నారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. వరద ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీరిచ్చాయి. ఆ జలాశయాల ఎగువన నేల చెడకూడదని 1996లో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ జీవో 111 తెచ్చారు. ఆ ఆంక్షలు తీసేస్తూ 2022లో జీవో 69 వచ్చింది. ఆ నేల మీద కాంక్రీటు పరుచుకుంటే జలాశయాల్లోకి వచ్చే నీటి వేగం, మురికి రెండూ పెరుగుతాయి. ఈ మాట రాజకీయం పక్కన పెట్టి చెబుతున్నా, ఇది లెక్క.

ఆ లెక్క ఎలా వేస్తారో చూపిస్తా, ఎందుకంటే రెండో సెమిస్టర్ విద్యార్థి కూడా వేయగలడు. వాన నీటి ప్రవాహానికి ముతక సూత్రం ఒకటుంది: నేల స్వభావాన్ని బట్టి ఒక గుణకం, గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వాన, ఎన్ని హెక్టార్లు, ఈ మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు పారుతుందో వస్తుంది. 4 హెక్టార్ల మామిడి తోట, అంటే దాదాపు 10 ఎకరాలు అనుకోండి. తోట నేల నీటిని పీల్చుకుంటుంది కాబట్టి గుణకం 0.3 వేద్దాం. గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే సెకనుకు 200 లీటర్లు బయటికి పారతాయి. అదే తోటను కొట్టేసి సిమెంటు రోడ్లు, డాబాలతో లేఅవుట్ వేస్తే గుణకం 0.8 అవుతుంది. అదే వానకు సెకనుకు సుమారు 530 లీటర్లు. కింద ఉన్న నాలా మాత్రం పాతదే.

ఇంతవరకు భయపెట్టే లెక్క. దీని రెండో సగం నాకు చాలా ఇష్టం. అదనంగా వచ్చే 330 లీటర్లను గంటసేపు ఎక్కడైనా ఆపగలిగితే చాలు. గంటకు అది సుమారు 1,200 ఘనపు మీటర్లు. మీటరు లోతున్న పల్లం తవ్వితే 1,200 చదరపు మీటర్లు, అంటే 30 సెంట్ల జాగా. మన రెండు రాష్ట్రాల్లో లేఅవుట్ వేస్తే 10 శాతం ఖాళీ స్థలం వదలాలన్న నిబంధన ముందే ఉంది. 10 ఎకరాల్లో అది ఎకరం, వంద సెంట్లు. ఆ పార్కులో మూడో వంతును మీటరు పల్లంగా చేసి గడ్డి వేస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు పిల్లలు ఆడుకుంటారు, కుండపోత పడిన రోజు నీళ్లు ఆగుతాయి. కొత్త నేల అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. అయితే ఆ పార్కు లేఅవుట్‌లో అన్నింటికంటే పల్లపు మూలలో ఉండాలి. ప్లాట్లకు పనికిరాని వంకర ముక్కను పార్కుకు వదిలితే, అది మెరక మీద ఉంటే, ఈ లెక్కంతా వృథా. అందుకే నీరు ముందు, ప్లాట్లు తర్వాత.

నీటి తర్వాత నేల. ఇక్కడ చదువు డ్రాయింగు దాటి డబ్బు లెక్కల్లోకి వెళ్తుంది. నగరం పెరగాలంటే రోడ్లకు, కాలువలకు, పార్కులకు జాగా కావాలి. ఆ జాగా ఎవరిదో ఒకరిది. సేకరణ చట్టంతో తీసుకుంటే ఖర్చు, కోర్టు కేసులు. అందుకే చాలాచోట్ల అందరి భూములూ కలిపి, ప్లాన్ ప్రకారం రోడ్లూ పార్కులూ తీసేసి, మిగిలింది ప్లాట్లుగా తిరిగి ఇచ్చే పద్ధతి వచ్చింది. 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టంతో మొదలై గుజరాత్‌లో ఇది ఇప్పటికీ నడుస్తోంది. అహ్మదాబాద్ అంచున యజమాని సుమారు 40 శాతం దాకా వదులుకుంటాడు. మిగిలింది దాదాపు ఉన్నచోటే, తీరైన ప్లాటుగా తిరిగొస్తుంది.

అమరావతిలో 2015లో మొదలైన ల్యాండ్ పూలింగ్ అదే కుటుంబానికి చెందినదే గానీ పరిమాణం వేరు. 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా రైతులు ఇచ్చారు. ఎకరానికి 4,840 చదరపు గజాలు. మెట్ట భూమి ఇచ్చిన రైతుకు ఎకరానికి 1,000 గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు. జరీబు భూమికి, అంటే ఏడాది పొడవునా నీళ్లుండే నది పక్క నేలకు, 1,000, 450. అంటే మెట్ట రైతుకు తిరిగొచ్చేది పావు వంతుకు కాస్త పైన, జరీబు రైతుకు 30 శాతం. దానికి తోడు పదేళ్ల పాటు కౌలు, ఎకరానికి ఏటా మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలతో మొదలై పెరుగుతూ పోయేలా. విద్యార్థి వేసుకోవాల్సిన ప్రశ్న: పావు వంతు గజాలు ఎప్పుడు, ఏ ధరకు చేరితే పూర్తి ఎకరం విలువకు సరితూగుతాయి? జవాబు పూర్తిగా కాలం మీద ఆధారపడి ఉంటుంది. రోడ్డు, కరెంటు, డ్రైనేజీ అనుకున్న ఏడాదికి వస్తే ఒక లెక్క, పదేళ్లు ఆలస్యమైతే ఇంకో లెక్క. 2019 తర్వాత పనులు ఆగి, 2024లో మళ్లీ మొదలయ్యేదాకా ఆ ప్లాట్ల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు ఎంత టెన్షన్ పడ్డాయో కృష్ణా తీరంలో ఎవరినడిగినా చెబుతారు. ప్లాన్‌లో గీత ఎంత అందంగా ఉన్నా ప్రభుత్వం మారితే ఏమవుతుంది అన్నది కూడా ప్లానింగ్ సబ్జెక్టే.

నీటి పాఠం అక్కడా ఉంది. రాజధాని ప్రాంతం మధ్య నుంచి కొండవీటి వాగు పారి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నది నిండుగా ఉంటే బుడమేరు ఛానల్ లాగే అదీ వెనక్కి తంతుంది. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు ఎత్తిపోసే పంపులు పెట్టారు. పంపు ఒక ఏర్పాటే గానీ దానికి కరెంటు కావాలి, మెయింటెనెన్స్ కావాలి, అర్ధరాత్రి వానలో మనిషి ఉండాలి. వాగు వెడల్పు, దారిలో చెరువులు అలా కాదు, ఎవరూ స్విచ్ వేయకపోయినా పనిచేస్తాయి. రెండూ ఉండాల్సిందే, అయితే ఏది ముందు పెట్టుకోవాలో తెలియాలి.

జరీబు నేల గురించి ఇంకో మాట. ఏడాదికి మూడు పంటలు పండే ఆ తోటల్లో అరటి, కంద, కూరగాయలు, పూలు కోసి బతికేవాళ్లకు సొంత భూమి ఉండదు. భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 పింఛను పెట్టారు. భూమి వినియోగం మ్యాప్‌లో పొలానికి రంగు ఉంది, పొలంలో కూలికి లేదు. మంచి స్టూడియోలో ఈ లోటు పూడ్చడానికి విద్యార్థి చేత ఇంటింటి సర్వే చేయిస్తారు: ఎవరు ఏం పని చేస్తారు, ఎంత దూరం నడుస్తారు, పొలం పోతే ఏ పనికి వెళ్లగలరు. ప్లాన్ సామాజికంగా నిలబడడం అంటే ఏమిటో పుస్తకంలో రెండు పేజీలు ఉంటాయి. ఆ సర్వే ఫారం పట్టుకుని ఒక్క రోజు తిరిగితే అర్థమయ్యేది అంతకంటే ఎక్కువ.

ఇప్పుడు వీధి. హైదరాబాద్‌లో చార్మినార్ నుంచి మదీనా కూడలి వైపు పత్తర్‌గట్టి మీదుగా నడిచి చూడండి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హయాంలో కట్టిన రాతి వీధి అది. కింద దుకాణాలు, వాటి ముందు పొడవునా కమానుల వరండా, పైన గదులు. వరండాలో నడిచేవాడికి మే నెల ఎండ తగలదు, వాన తగలదు. దుకాణాలు ఒకదాని పక్కన ఒకటి ఉండటంతో ఎక్కడా బోసి గోడ లేదు. అర్బన్ డిజైన్ విద్యార్థి అక్కడ టేపు పట్టి వీధి వెడల్పు, కమాను ఎత్తు, వరండా లోతు కొలిచి సెక్షన్, అంటే వీధిని అడ్డంగా కోసి చూపినట్టుండే బొమ్మ, గీస్తాడు. తర్వాత గచ్చిబౌలి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక రోడ్డుకు అదే సెక్షన్. అక్కడ రోడ్డు చాలా వెడల్పు, పక్కన కాంపౌండ్ గోడ, దాని వెనక సెట్‌బ్యాక్ (రూలు ప్రకారం వదిలిన ఖాళీ), ఎక్కడో దూరంగా అద్దాల టవర్. ఫుట్‌పాత్ మీద నిలబడేందుకు నీడ లేదు. గోడ వెంట నడిచే సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ మహిళ, డెలివరీ కుర్రాడు, వీళ్లందరూ ఆ ఎండలోనే.

ఈ తేడా ఆర్కిటెక్ట్‌ల అభిరుచి వల్ల వచ్చింది కాదు, నిబంధనల వల్ల వచ్చింది. ఎత్తు పెరిగే కొద్దీ బిల్డింగ్ చుట్టూ నాలుగు వైపులా ఎక్కువ ఖాళీ వదలాలని మన రూల్స్ చెబుతాయి. ఫైరింజన్ తిరగాలి కాబట్టి అది అవసరమే. కానీ దాని ఫలితంగా పెద్ద బిల్డింగులన్నీ వీధికి వీపు చూపిస్తాయి. ఆ రూల్స్ ఇలాగే ఉంటే ఇవాళ మళ్లీ పత్తర్‌గట్టి కట్టలేం. ఫైరింజన్‌కు వెనక వైపు దారి ఇచ్చి, ముందు వరండా తప్పనిసరి చేస్తే? ఇలాంటి ప్రత్యామ్నాయ రూలు రాయడం, దాన్ని ఒక వీధి మీద వేసి చూపించడం, అదీ అర్బన్ డిజైన్ అసైన్‌మెంట్. బొమ్మ గీయడం అందులో చిన్న భాగం.

రూల్స్ గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఎఫ్ఎస్ఐ సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే అంకె అది. చాలా నగరాల్లో దానికి పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2006లో జీవో 86తో ఆ పరిమితి తీసేశారు. అప్పటి నుంచి ఎంత ఎత్తు కట్టొచ్చు అన్నది ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ మీద ఆధారపడింది. ఇళ్ల సరఫరా పెరిగింది, అది మంచిదే. అయితే ప్లాన్ గీసేవాడికి చిక్కు వచ్చి పడింది. ఒక ఎకరంలో వంద కుటుంబాలు వస్తాయా, నాలుగు వందలు వస్తాయా ముందుగా తెలియకపోతే మురుగు పైపు ఏ సైజు వేయాలి, బడికి ఎంత జాగా ఉంచాలి? పడమటి హైదరాబాద్‌లో టవర్లు ముందు లేచి, డ్రైనేజీ తర్వాత వచ్చి, ట్యాంకర్లు రోజూ తిరగడం వెనక ఈ చిక్కు కూడా ఉంది. సాంద్రత చెడ్డది కాదు. చిక్కగా ఉన్న ఊరికి బస్సు, మెట్రో గిట్టుబాటు అవుతాయి, పొలాలు మిగులుతాయి. లెక్కకు అందని సాంద్రతే సమస్య.

చెరువుల బఫర్ రూలు ప్రతి విద్యార్థికీ నోటికి రావాలి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి గీత) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన నాలాకు 9 మీటర్లు, అంతకంటే చిన్న నాలాకు 2 మీటర్లు ఏమీ కట్టకూడదు. అంకెలు సులువు. ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో తేల్చడమే కష్టం. అలుగు (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు) ఎత్తు కొలిచి, ఆ కంటూరును, అంటే అదే ఎత్తులో ఉన్న గీతను, చెరువు చుట్టూ తిప్పితే గీత వస్తుంది. అలుగును ఎవరైనా పగలగొట్టి కిందికి దించితే గీత లోపలికి జరుగుతుంది, బఫర్ కూడా దానితోనే జరుగుతుంది. గొలుసుకట్టు చెరువుల్లో ఒక్క అలుగు దించినా కింది చెరువు కట్టకు ముప్పే.

కోర్సుల వివరాలు క్లుప్తంగా. ప్లానింగ్ డిగ్రీ నాలుగేళ్లు, దానికి ఒక ప్రవేశం జేఈఈ మెయిన్ పేపర్ 2బీ. బీఆర్క్ ఐదేళ్లు. మాస్టర్స్ రెండేళ్లు, గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్ ఉపయోగపడుతుంది. ఎం.ప్లానింగ్‌కు ఆర్కిటెక్టులు, సివిల్ ఇంజనీర్లే గాక చాలా చోట్ల భూగోళం, ఆర్థికశాస్త్రం, సోషియాలజీ పీజీలు చేసినవాళ్లకూ అవకాశం ఉంటుంది. అర్బన్ డిజైన్‌కు మాత్రం చాలావరకు బీఆర్క్ అడుగుతారు. దగ్గర్లో 2008లో మొదలైన విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉన్నాయి. కొంచెం దూరం వెళ్తే ఢిల్లీ ఎస్‌పీఏ, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ, ఖరగ్‌పూర్ ఐఐటీ.

విదేశాలకు వెళ్లేవాళ్లూ పెరుగుతున్నారు. ప్రపంచంలో మొదటి ప్లానింగ్ విభాగం 1909లో లివర్‌పూల్‌లో పెట్టారు, బ్రిటన్‌లో ఈ చదువుకు లోతైన సంప్రదాయం ఉంది. యూరప్‌లో చదివితే వీధి కొలతలు, జనంతో సంప్రదింపులు, జర్మనీలో ఫ్రైబుర్గ్‌లోని వావుబాన్, స్వీడన్‌లో స్టాక్‌హోమ్‌లోని హమ్మార్‌బీ లాంటి పేటలను దగ్గరగా చూడటం గొప్ప అనుభవం. కానీ అక్కడి ప్రొఫెసర్ మీకు గ్రామకంఠం (ఊరి ఇళ్ల నేల), అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), శిఖం భూమి (చెరువు లోపలి నేల) గురించి చెప్పలేడు. అవి తెలియకుండా మన దగ్గర ఒక్క ఎకరానికీ ప్లాన్ గీయలేం. ఇక్కడ పని చేయాలన్న ఉద్దేశం ఉంటే ముందు ఇక్కడ రెండేళ్లు ఒక ప్లానింగ్ ఆఫీసులో చేసి, ఆ తర్వాత వెళ్లమనే నా సలహా.

మన స్కూళ్లలోనూ లోటు ఉంది, దాచడం ఎందుకు? డ్రాయింగు, సాఫ్ట్‌వేర్ బాగా నేర్పుతారు. చట్టం, మున్సిపల్ ఆదాయం, జనంతో మాట్లాడటం తక్కువ. డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ ప్రకటించాక ప్రజల అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలని చట్టం చెబుతుంది. ఆ అభ్యంతరాల ఫైలు విద్యార్థికి చదవడానికి ఇస్తే ఒక సెమిస్టర్‌లో నేర్చుకునేంత నేర్చుకుంటాడు: రోడ్డు వంపు ఎవరి ఇంటి మీదకు వచ్చింది, శ్మశానం దారి ఎక్కడ మూసుకుపోయింది. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను మున్సిపాలిటీల పనుల జాబితాలో మొదటి వరసలో పెట్టింది. ఆచరణలో ఆ పని చాలావరకు డెవలప్‌మెంట్ అథారిటీల చేతిలోనే ఉంది. వార్డు సభ్యుడికి తన వార్డు ప్లాన్ చదవడం నేర్పగల ప్లానర్లు మనకు కావాలి.

మనుషులూ చాలరు. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని 7,933 పట్టణాల్లో సుమారు 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. రాష్ట్రాల ప్లానింగ్ శాఖల్లో మంజూరైన పోస్టులు 4 వేల లోపే, వాటిలోనూ చాలా ఖాళీలు. అవసరం 12 వేలకు పైగా అని అదే నివేదిక అంచనా. ఒకవైపు డిగ్రీ చేసినవాళ్లు ఉద్యోగం కోసం కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నారు, ఇంకోవైపు లక్ష జనాభా ఉన్న పట్టణంలో ప్లాన్ చదవగల మనిషి లేడు. పోస్టులు నింపమని అడగడం ప్లానింగ్ విద్యార్థుల సొంత గొడవ మాత్రమే అనుకోవద్దు, మునిగిన కాలనీల్లో ఉన్నవాళ్లూ అడగాల్సిన విషయం.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుతో పాటు స్టూడియో హాల్లోకి వెళ్లి గోడ మీది షీట్లు చూడండి. సైట్లు ఎక్కడివి? సొంత జిల్లాలోని మున్సిపాలిటీలా, లేక దుబాయ్ తరహా టవర్ల బొమ్మలా? షీటు మీద కంటూర్లు, వాగులు ముందు గీశారా, రోడ్లు ముందు గీశారా? సర్వే ఫారాలు ఉన్నాయా? చట్టం క్లాసు తీసుకునేది ఎప్పుడైనా టౌన్ ప్లానింగ్ ఆఫీసులో పనిచేసినవాళ్లేనా? సైట్ విజిట్ ఏ నెలలో పెడతారని సీనియర్లను అడగండి. వేసవిలో చూస్తే చాలా వాగులు ఎండిపోయి, చదునైన ఖాళీ స్థలంలా కనిపిస్తాయి. అక్కడే పిల్లలు పార్కింగో క్లబ్ హౌసో గీసేస్తారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒక్కసారైనా ఆ సైటుకు తీసుకెళ్లే కాలేజీ దొరికితే ఫీజు కాస్త ఎక్కువైనా అందులో చేరండి.